ప్రకృతిలో కలిసిపోయే రంగు

మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. చిన్నప్పుడు అక్క ఈ సామెత చెప్పి వేలు తమ్ముడికేసే చూపించేది. అలాంటివాడికి, పట్నం పిల్లల్ని గుట్టలకూ పొలాలకూ తీసుకెళ్ళి చెట్టూ పుట్టా చూపించే ఓ సేవాసంస్థకు కొత్త రూపురేఖలు దిద్దే పని దొరికింది. దొరకడమంటే, ఆ సంస్థను నడిపేది అక్కే. ఉద్యోగం పోయి ఏడాదిగా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న తమ్ముణ్ణి కమిటీ ముందు నిలబెట్టి, "మావాడికి ఒక్క అవకాశం ఇచ్చి చూడండి" అని అడిగింది. ఆఫీసులో అందరూ అతన్ని లోగో తమ్ముడు అనేవారు. అతను మాత్రం బ్రాండ్ కన్సల్టెంటునని చెప్పుకునేవాడు, అడగనివాళ్ళకు కూడా.

సంస్థ పాత గుర్తు ఒక బూటు, దాని మీద పళ్ళికిలిస్తున్న సూర్యుడు. పిల్లలకు వేసే జాకెట్లు కళ్ళు జిగేల్‌మనే నారింజ రంగు. అవి చూసిన మొదటి రోజే అతను గుండె పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కొన్ని వారాలు కిటికీలకు తెరలు దించుకుని ప్రకృతి గురించి ఆలోచించాడు. వెలుతురు పడితే స్క్రీను మీద ఆకుపచ్చ సరిగ్గా కనబడదు మరి. చివరికి లోకంలో ఎవరికీ తట్టని ఆలోచన అతనికి తట్టింది. ఆకు. ఇంకా లోతుగా ఆలోచిస్తే, పక్కన ఇంకో ఆకు.

రంగుల దగ్గరికి వచ్చేసరికి మరీ రెచ్చిపోయాడు. తడి నాచు, రాతి నీడ, ఎండుగడ్డి అని వాటికి నామకరణం చేశాడు. తను జన్మలో తడి నాచు మీద చెయ్యి పెట్టి ఎరగడు.

"ఇన్నాళ్ళూ మనం ప్రకృతి మీద పడి అరిచాం. ఇకనుంచి ప్రకృతిలో కలిసిపోదాం," అన్నాడు కమిటీ సమావేశంలో. అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. అకౌంటెంటు కూడా తల ఊపాడు, ఆయన మామూలుగా దేనికీ ఊపడు. అక్క ఒక్కతే నమూనాగా తెచ్చిన నాచురంగు జాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"దూరంనుంచి కనబడతారంటావా?"

"కనబడ్డం కాదక్కా ముఖ్యం. ఉండడం ముఖ్యం."

ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, ఇంటికి వెళ్తూ దారిలో మళ్ళీ పైకే అనుకుని మురిసిపోయాడు. సమావేశంలో అక్క మాత్రం అతని మొహంకేసి కాసేపు చూసి, "సరే, కుట్టించండి" అంది.

కొత్త జాకెట్లతో తొలి ప్రయాణానికి ఫొటోలు తీయడానికి అతనూ బయల్దేరాడు. బస్సు దిగి పది అడుగులు వేశాడో లేదో, కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. గుట్ట దగ్గర అక్క పద్ధతి ఒకటుంది. పిల్లల్ని తలా ఒక చోట, ఎవరికి వాళ్ళుగా, నోరు మెదపకుండా కూర్చోబెడుతుంది. ఏదో ఒకదాన్ని, పురుగైనా గడ్డిపోచైనా, తనివితీరా చూడాలి. ఆమె పైన బండమీద నిలబడి తలలు లెక్కపెడుతూ ఉంటుంది.

"ఆ చివరి పిల్లకి చెవులు వినబడవు. పిలిస్తే పలకదు. అవతల పాత క్వారీ గుంట ఉంది, నిండా నీళ్ళు. ఆ పిల్లను నువ్వు కనిపెట్టుకుని ఉండు," అని చెప్పి అక్క పైకెక్కింది.

అతను కనిపెట్టుకునే ఉన్నాడు. కాకపోతే మధ్యలో ఓ రాయి కనబడింది. దానిమీద వెంట తెచ్చిన జాకెట్ పరిచి, తను గీసిన ఆకు గుర్తుమీద ఎండ పడేలా, పడకుండా, సగం పడేలా ఫొటోలు తీసుకున్నాడు. తల ఎత్తేసరికి పిల్ల లేదు.

పైనుంచి అక్క గొంతు వినబడింది. "ఒకళ్ళు తగ్గారు. ఎవరు?"

అతను చెయ్యి ఎత్తి ఖాళీ చోటు చూపించాడు.

అక్క ఈలవేస్తే మిగతా పిల్లలంతా వచ్చేశారు. డ్రైవరు వాళ్ళను బస్సెక్కించి కాపలా కూర్చున్నాడు. అక్క బండమీదనుంచే నలువైపులా చూసింది. చూస్తే ఏముంది? నాచు, రాతి నీడ, ఎండుగడ్డి. అతను వేసిన పటం వేసినట్టుగా ఉంది. రంగు ఎంత బాగా కుదిరిందో అని అంత భయంలోనూ అతని మనసు ఒక మూల మెచ్చుకుంది. ఛీ, సిగ్గులేని జన్మ అనుకున్నాడు. అక్క బండ దిగి క్వారీవైపు పరిగెత్తింది. వయసుకు మించిన ఆ పరుగు చూస్తే అతనికి ఏడుపొచ్చింది.

అతను పొదల్లో పడి వెతికాడు. ఒకచోట గుండ్రంగా వంగిన వీపు కనబడితే, "రా తల్లీ, రామ్మా" అని బతిమాలుతూ వెళ్ళి భుజంమీద చెయ్యి వేశాడు. అది రాయి. ఇంకోచోట ముళ్ళకంపను కావలించుకోబోయాడు. అదే దారిలో పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. ఆఖరికి మడమలు సహకరించక గడ్డిలో చతికిలబడి, ముప్పై ఏళ్ళు దాటిన మగాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎవరో మోచేతిమీద తట్టారు.

ఆ పిల్ల అతనికి జానెడు దూరంలో, పొదను ఆనుకుని బోర్లా పడుకుని ఉంది. నోటిమీద వేలు పెట్టి కదలొద్దని సైగ చేసి, ఆకు అంచున పాకుతున్న ఎర్ర పురుగును చూపించింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో అతనికి ఇన్నాళ్ళకు తెలిసొచ్చింది.

పిల్లను ఎత్తుకుని క్వారీ దగ్గరికి వెళ్ళేసరికి అక్క మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి, కర్రతో వెతుకుతోంది. వాళ్ళను చూసి కర్ర వదిలేసింది. వచ్చి పిల్ల ఒళ్ళంతా తడిమి, గట్టుమీద కూలబడింది.

"తిట్టక్కా," అన్నాడు.

"నిన్నేం తిడతాను? నాకారోజే తెలుసురా."

"ఏం తెలుసు?"

"కనబడరని. ఇన్నేళ్ళనుంచి చేస్తున్న పని, ఆమాత్రం తెలీదా? నువ్వేమో ఏడాది తర్వాత మొదటిసారి నవ్వుతూ మాట్లాడుతున్నావు. కాదనడానికి నోరు రాలేదు. నీ ముచ్చట కోసం పరాయి పిల్లను పణం పెట్టాను."

ఆ సమావేశం తన ప్రతిభతో గెలిచాననుకున్నాడు ఇన్నాళ్ళూ. గెలిపించింది అక్క జాలి. ప్రతి రంగుకీ ఒక ఉపన్యాసం ఉన్నవాడు ఆమె పక్కనే గట్టుమీద కూర్చున్నాడు.

పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, అక్క ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

"కమిటీకి నేనే చెప్తాను. నా వల్లే జరిగిందని," అన్నాడు చివరికి.

"ఇద్దరి వల్లా అని చెప్పు. ఇంకెప్పుడూ నీ మొహం చూసి ఊరుకోను."

"ఊరుకోకక్కా," అన్నాడు.