మిట్ట దగ్గర నత్తి

ఇలా దగ్గరికి జరగండి, గోడకు ఆనుకున్నవాళ్లు కూడా, ఇది చెవి ఒగ్గి వినాల్సిన చప్పుడు కథ, ఈ దగ్గు కార్బొరేటర్ వల్ల కాదు, కాదంటే కాదు, అనుకుంటోంది చిన్నకోడలు బండి ముక్కు మీదికి వంగి, మోచేతుల దాకా గ్రీజుతో, కార్బొరేటరేనని ఆయన అన్నాడని విప్పింది, కడిగింది, బిగించింది, మళ్లీ విప్పింది, ముత్యంలా ఉంది, దాని పాపం ఏముంది, ఆయనంటే బావగారు, పెనిమిటికి అన్న, వీధి చివర మెకానిక్ షెడ్డు ఆయనదే, ఈ ఇంజనూ ఆయనదే, పాత వ్యానులోంచి పీకి మూల పడేసింది, పగలంతా జాకెట్లు కుట్టుకునే మరదలు ఇనప గొట్టాలు అతికించి, రేకు వంచి, రెండు సీట్ల పరుగుబండి తయారుచేస్తుంటే నవ్వుతూనే ఇచ్చాడు, ఇస్తూ మెలిక పెట్టాడు, చూడు మరదలా, నా షెడ్డు పక్క మిట్ట ఒక్క దగ్గు లేకుండా ఎక్కించావా ఇంజను నీదే, లేదా నా కొత్త వ్యానుకి పట్టుకుపోతా, ఇవాళ సాయంత్రంతో గడువు సరి, పట్టుకుపోతాడట, పట్టుకుపోతాడు పాపం, నేను కాఫీ కలిపిచ్చి సాగనంపుతాను, మొగుడేమో పోనిద్దూ ఇచ్చెయ్యి అంటాడు, ఆయనకి అన్నం చల్లారినా పోనిద్దూనే, ఇల్లు కాలినా పోనిద్దూనే.

ఇంటి ముందు నిలబెడితే మీగడ తిన్న పిల్లిలా గురగురలాడుతుంది, ఒంటరిగా పోతే మిట్ట ఎక్కుతుంది కూడా, బావగారు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తే మాత్రం డుగ్గు, డుగ్గు, హెడ్మాస్టరు ముందు పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నత్తి, నీ బండికి నేనంటే భయమే మరదలా అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతాడు, ఇనుముకి భయమేంటి, ఇనుముకి సిగ్గేంటి, ప్లగ్గులు మార్చాను, పెట్రోలు గొట్టం ఊది చూశాను, ఆయన చూస్తే ఏం మారుతుంది, బండి మారదు, మరి నేను మారతానా, మారతాను, పళ్లు బిగిస్తాను, ఎక్సిలేటర్ నేలకంటా తొక్కుతాను, అదీ సంగతి, గట్టిగా తొక్కితేనే దగ్గుతుంది, నిలబెట్టి ఎంత చూసినా ఏం తెలుస్తుంది, మొన్న నేను కుట్టిన పెళ్లికూతురి జాకెట్టు కూడా అంతేగా, అద్దం ముందు నిలబడితే బొమ్మకి పోత పోసినట్టుంది, దండ వెయ్యడానికి చెయ్యెత్తగానే చంకలో పర్రున చిరిగింది, నిలబడ్డప్పుడు కాదు, చెయ్యెత్తినప్పుడు, చెయ్యెత్తినప్పుడు, ఓరి దేవుడా, ఇంజను చెయ్యెత్తితే ఏమవుతుంది.

అత్తయ్యా, అత్తయ్యా, ఒక్కసారి వచ్చి ఈ సీట్లో కూచోండి, నేనా, ఆ గోతిలో దిగితే నా మోకాళ్లు మళ్లీ పైకొస్తాయటే, ముందు క్రేను తెప్పించు, నేనే క్రేను రండి, అంటూ ముసలావిణ్ణి దింపింది, హ్యాండుబ్రేకు లాగింది, చక్రాలకు దుంగలు అడ్డం పెట్టింది, గేరు వేసింది, కుడికాలు నొక్కండి, క్లచ్ మీది ఎడమకాలు కొంచెం కొంచెంగా ఎత్తండి, చచ్చిపోతానేమోనే కోడలా, చావరు, నొక్కండి, అంటూ తను బండి ముక్కు మీదికి వంగింది, ఇంజను రబ్బరు దిమ్మల మీద ఒక్క పక్కకి ఒరిగింది, నిద్రలో మనిషి ఒత్తిగిల్లినట్టు, చట్రం నుంచి ఇంజనుకు పోయే సన్నటి కరెంటు తీగ వీణతీగలా బిగిసింది, కొస దగ్గర లాగేసి కరెంటు తప్పింది, డుగ్గు, అత్తగారు కాలు తీసింది, తీగ వదులైంది, గురగుర, మళ్లీ నొక్కండి, డుగ్గు, అయ్యో అయ్యో, కొలిచి కోసింది తనే, పోగు వేలాడితే కుట్టుపనివాళ్లకి తల కొట్టేసినట్టు ఉంటుందని అంగుళం కూడా వదులు లేకుండా కోసి, గుడ్డ తొడుగు కుట్టి, బిర్రుగా కట్టిందీ తనే, ఎంత అందంగా ఉందో అని మురిసిందీ తనే.

జానెడు ఎక్కువ పొడుగున్న తీగ వేసింది, సంచిలా వేలాడింది, వేలాడనీ, సాయంత్రం బావగారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పానా చేతిలోనే ఉంది, విప్పుకుపోవడానికి తయారు, ఆయన కళ్లలోకి చూస్తూ నేలకంటా తొక్కింది, ఎర్ర బండి మిట్టను ఒక్క ఊపున మింగి పైన నిలబడింది, ఒక్క దగ్గు లేదు, రొప్పుకుంటూ ఎక్కి వచ్చాడాయన, ఎవరు బాగుచేశారు అన్నాడు, చెడగొట్టినవాళ్లే, ఎవరు చెడగొట్టారు, నేనే బావగారూ, తీగ కురచగా కోశాను, అనేసింది, అని తనే ఉలిక్కిపడింది, ఇన్నాళ్లూ నా పనిలో వంకలేదని ఊరందరితో కొట్లాడిందే, ఇప్పుడీ మాట ఇంత తేలిగ్గా ఎలా వచ్చింది, ఆయన తల గోక్కుని పానా జేబులో దోపుకుంటే అటు చూడను కూడా లేదు, ఆయన ఇచ్చినందుకు కాదు, మిట్ట ఎక్కినందుకూ కాదు, ఇందులో తప్పు కూడా నాదే, దాన్ని పట్టుకున్న చెయ్యీ నాదే, అందుకే ఈ బండి నాది, అంతే.

మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు మిట్ట ఎక్కడంతో ఆపేయకండి నాయనా, తీగ కురచగా కోసింది తనేనన్న మాట కలిపి చెప్పండి, అది మింగేశారని తెలిస్తే ఆవిడ ఊరుకోదు.