అంతయ్య గ్లాసు

అంతయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎల్.బి.నగర్ షెడ్డులో ముప్పై ఆరేళ్ళుగా అతని పని ఇలాగే మొదలవుతుంది. ముందు వినడం, తర్వాత చాయ్, ఆ తర్వాతే పానా.

"లోపల మంచిగనే ఉంది సేటూ."

లారీ యజమాని బాపిరాజు ముఖం తేలికపడలేదు. "మంచిగా ఉంటే గాలి పీల్చే గొట్టం నిండా నూనె ఎందుకుందండీ? దిల్‌సుఖ్‌నగర్‌లో చూపిస్తే ఇంజిన్ పోయింది, అమ్మేయమన్నారు. ఐదింటికి బ్రోకర్ వస్తున్నాడు. ఈ లారీ తప్ప నాకింకేం పని తెలుసండీ?"

అవి తెలంగాణ కోసం సమ్మె రోజులు. ఆ రోజు రింగ్ రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు, డప్పులు. ఆ దరువుకు అంతయ్య పాదం ఆడుతూనే ఉంది. పొట్టి మనిషి. గోళ్ళ కింద నలుపు పెళ్ళినాడు కూడా వదల్లేదు. "నన్ను చేసుకున్నవా, ఆయిల్‌ను చేసుకున్నవా?" అని భార్య అండాలమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంజిన్ నూనె పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద గుడ్డ పరిచాడు. గుడ్డ ఎగిరి బాపిరాజు ఛాతీకి తగిలింది.

"పిస్టన్ రింగులు పోయాయండీ! వాళ్ళన్నదీ ఇదే!"

"రింగులు పోతే చప్పుడు జెప్తది. లోపలి గాలికి బయటికి వొయ్యే తోవ దొరుకుతలేదు."

లారీ కిందికి దూరాడు. ఇంజిన్ గాలి బయటికి వదిలే గొట్టాన్ని చేత్తో తడుముతూ చివరిదాకా వెళ్ళాడు. అక్కడ మెత్తగా ఏదో తగిలింది. లాగితే మూరెడు గుడ్డ. ఆకుపచ్చ మీద పసుపు అంచు.

బాపిరాజు కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది మా ఇంటి ఓనరు కౌసల్యమ్మగారి చీరండీ!"

కిరాయిదారు ఆకలితో ఉంటాడని, వంటావార్పు నుంచి పులిహోర గిన్నెతో అప్పుడే వచ్చిన కౌసల్యమ్మ తడుముకోలేదు.

"అవ్, నేనే గుక్కిన. ఈ లారీ దినాం వాకిట్ల నా ముగ్గు మీద నల్లచుక్కలు పెడ్తుండె. కారేదాన్ని మూస్తె తప్పా?"

"ఆంధ్రా లారీ అని మూసినవా అక్కా?" అన్నాడు అంతయ్య.

"నోర్మూయ్! ముగ్గుకు ఆంధ్రా, తెలంగాణ ఉంటదా?"

అంతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, ఉడికే అన్నం మీద మూత గట్టిగ వత్తి పెడ్తె ఏమైతది?"

"పొంగి పొయ్యిల పడ్తది."

"ఇంజిన్ గూడ గంతే. నువ్వు ముక్కు మూస్తివి. గాలి నెట్టే టర్బోలకెళ్లి కిందికి దిగాల్సిన నూనె దిగలేక గాలి పీల్చే గొట్టంలకు తన్నింది."

గొట్టాలన్నీ కడిగి తుడిచి మళ్ళీ స్టార్ట్ చేశాడు. కాసేపు నీలంపొగ వచ్చింది. తర్వాత అదీ ఆగింది. ఈసారి గుడ్డ ఎగరలేదు, నిద్రపోయే పసివాడి పొట్టలా లేచి దిగింది. ఐదింటికి వచ్చిన బ్రోకర్‌కు బాపిరాజు పులిహోర పెట్టి పంపించేశాడు.

"మరి నా ముగ్గో?" అంది కౌసల్యమ్మ.

అంతయ్య తన గ్లాసులోని చాయ్ గటగటా తాగేశాడు. గాలి వదిలే గొట్టం మూతికి బెత్తెడు కింద దాన్ని తీగతో కట్టాడు. "దినాం ఒంపుకో సేటూ."

"అయ్యో, మీ పేరున్న గ్లాసండీ!"

"మా అత్తగారు పెట్టిన గ్లాసు. నూనెకిచ్చిన అంటె అండాలు ఎట్లైన నమ్ముతది."

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, నడుస్తున్న ఇంజిన్ పక్కన స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్న అంతయ్య మళ్ళీ తెరవలేదు. వింటున్నాడనుకుని చాలాసేపు ఎవరూ పిలవలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు బాపిరాజు లారీ మీద కాలనీ అంతా ఎక్కింది. కౌసల్యమ్మ అండాలమ్మను చెయ్యి పట్టి పైకి లాగింది. రింగ్ రోడ్డు మీద డప్పులు మోగుతుంటే లారీ కదలడానికి తోవ లేక నిలబడే గుర్రుమంటోంది. దాని కింద, చుక్కల అక్షరాలతో అంతయ్య పేరు చెక్కిన స్టీలు గ్లాసులో టప్‌మని ఒక నూనెబొట్టు పడింది.