తీపి మిరపల బల్ల

మా ఆవిడ అమ్మిన తీపి మిరపకాయ కొరికి ఒక పెద్దమనిషి నడిసంతలో ఏడ్చాడు. దుఃఖంతో కాదు, కారంతో. ముక్కూ కళ్లూ ఏకమైపోయి, గొడుగు ఒకచోట, సంచీ ఒకచోట పారేసి నీళ్ల కోసం పరిగెత్తాడు. నీళ్లు తాగాక నేరుగా సంత మేనేజరు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాడు.

"అది నా కాయ కాదండీ" అంది మా ఆవిడ మేనేజరుతో. ఆయన అటు వెళ్లగానే నా చెవిలో, "ఎవరో కలిపారు" అంది.

మేం అమ్మేది పొడుగు రకం తీపి మిరప. మామూలు మిరపకాయకి పెద్దన్నయ్యలా ఉంటుంది. పండితే ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం మాత్రం ఉండదు, పచ్చిగానే కొరుక్కు తినొచ్చు. మా పెరట్లో మా ఆవిడే పెంచుతుంది. ఏటా మంచి కాయలు ఏరి, గింజలు తీసి, ఆరబెట్టి దాచుకుంటుంది. కొన్న విత్తనం మీద ఆమెకు నమ్మకం లేదు. ఆ మాటకొస్తే కొన్నది దేనిమీదా లేదు. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపాడో అంటుంది, పలచగా ఉంటే నీళ్లు కలిపాడంటుంది. నేను ఆలస్యంగా ఇంటికొస్తే ఎక్కడికెళ్లారంటుంది, పెందలాడే వస్తే ఎందుకొచ్చారంటుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. టికెట్ లేనివాణ్ణి ముఖం చూసి పట్టేవాణ్ణి. మనం దగ్గరికి వచ్చేసరికి వాడికి ప్రకృతి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చి కిటికీలోంచి బయటికి చూస్తాడు. కాబట్టి మా ఇంట్లో అనుమానానికి కొదవ లేదు. అనుమానించడానికి మనుషులే చాలరు.

ఆదివారం పూట జరిగే ఆ రైతుల సంతకి కొన్ని పద్ధతులున్నాయి. ఎవరు పండించింది వాళ్లే అమ్మాలి. ఒక ఇంటికి ఒకటే బల్ల. ఒక కాపులో మూడు ఫిర్యాదులొస్తే బల్ల తీసేసి, వరసలో తర్వాత ఉన్నవాళ్లకి ఇచ్చేస్తారు. ఆ వరసలో తర్వాత ఉన్నది మా చెల్లెలు.

మా చెల్లెలు మా ఇంటి వెనక వాటాలో ఉంటుంది. బట్టలు కుడుతుంది. డాబా మీద తొట్లలో టమాటాలు పెంచుతుంది. ఒక్కొక్కటి చంటిపిల్లాడి బుగ్గంత ఉంటుంది. ఎప్పట్నుంచో తనకూ సంతలో ఒక బల్ల కావాలని ఆశ. కానీ ఇద్దరిదీ ఒకే గేటు, ఒకే ఇంటి నంబరు. మా బల్ల ఉన్నంతకాలం దానికి బల్ల రాదు.

పోనీ మేమే వదులుకుందామా అంటే, ఆ బల్ల మా ఆవిడకి ప్రాణం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెని అందరూ కండక్టరుగారి భార్య అనే అన్నారు. సంతలో మాత్రం నన్ను మిరపకాయలావిడ భర్త అంటారు. ఆ మాట మొదటిసారి చెవిన పడ్డ రోజున ఆమె నడకే మారిపోయింది. ఇంటికొచ్చి నాకు అడక్కుండా కాఫీ ఇచ్చింది.

రెండో ఫిర్యాదు ఆ మరుసటి ఆదివారమే వచ్చింది. మా దగ్గర సంచీలకి సంచీలు కొనే హోటలు వంటాయన, కస్టమర్లు ప్లేట్లు తిరగ్గొట్టారని చిందులు తొక్కుతూ వచ్చాడు. మేనేజరు మెత్తటి మనిషి. కడుపులో పుండు ఉండటం వల్ల గట్టిగా కోప్పడలేడు కూడా.

"చూడండమ్మా, ఇంకొక్కటి వచ్చిందంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చేదాకా మా ఆవిడ అనుమానితుల్ని ఒక్కొక్కళ్లనే పిలిచి విచారించింది, మనసులోనే అనుకోండి. మొదట కుడిపక్క బల్లమీద కారప్పొడి అమ్మే ఆవిడ.

"మన దగ్గర జనం మూగుతుంటే ఆవిడ ఎలా చూస్తుందో గమనించారా?"

"ఆవిడ చూసేది మన వెనకున్న గడియారాన్నే."

"అలాగే అనిపిస్తుంది మీకు."

సాయంత్రానికి కారప్పొడి ఆవిడ నిర్దోషిగా విడుదలైంది. పప్పు పొయ్యిమీద పెట్టి, వెనక వాటా తలుపు వైపు చూస్తూ మా ఆవిడ గొంతు తగ్గించింది.

"శనివారం మనం కాయలు కోసి బుట్ట ఎక్కడ పెడతాం? వెనక వరండాలో. ఆ వరండాలోకి ఎవరి తలుపు తెరుచుకుంటుంది?"

నాకు నవ్వొచ్చింది. "నీకేమన్నా మతిపోయిందా? అది నా చెల్లెలు."

"మీ చెల్లెలు కాదని నేనన్నానా? మొన్న దాని చేతిలో పచ్చిమిరపకాయల పొట్లం చూశాను."

"కూరలోకి తెచ్చుకుని ఉంటుంది."

"ఒక్క మనిషి కూరకి అంత పొట్లమా?"

నేను మళ్లీ నవ్వాను కానీ ఈసారి నవ్వు సరిగ్గా రాలేదు. అనుమానం దోమలాంటిది. పక్కవాణ్ణి కుడుతున్నంతసేపూ చప్పట్లు కొడుతూ తమాషా చూస్తాం. అన్నం తింటుంటే పొట్లం గుర్తొచ్చింది. చేయి కడుక్కుంటుంటే, నాలుగు రోజుల కిందట చెల్లెలు నన్ను చూడగానే పెరట్లోంచి గబగబా లోపలికి వెళ్లిపోవడం గుర్తొచ్చింది. బల్ల వరస ఎక్కడిదాకా వచ్చిందని అది మేనేజర్ని అడిగిందని ఎవరో అన్నది కూడా గుర్తొచ్చింది. వరసలో ఉన్న మనిషి వరస గురించి అడగక ఇంకేం అడుగుతుంది? ఆ మాట మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెనక వాటాకి వెళ్లాను. నా వెనకే మా ఆవిడ. చెల్లెలు మిషను ముందు కూర్చుని జాకెట్టు చేతులు కుడుతోంది.

"అమ్మాయ్, మా బుట్టలో నువ్వేమైనా వేశావా?" అన్నాను. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, బస్సులో టికెట్ అడిగినట్టే అడిగాను.

మిషను ఆగింది. చెల్లెలు నావైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ చూపు నాకు తెలుసు.

"ఏం వేస్తానన్నయ్యా?"

"కారం మిరపకాయలు."

"నీకు బల్ల రావాలంటే మాది పోవాలిగా" అంది మా ఆవిడ నా భుజం మీదుగా.

చెల్లెలు దారం కొసని పళ్లతో తెంపింది.

"ఇది అడగడానికి ఇద్దరూ కలిసి వచ్చారా?" అని, తర్వాత "వెయ్యలేదు" అంది.

అంతే. ఆ రోజు నుంచి సాయంత్రం టీకి మా వైపు రావడం మానేసింది. టీ నీళ్లు పెట్టేటప్పుడు మా ఆవిడ చెయ్యి అలవాటుగా మూడు కప్పులు తీసి, ఒకటి మళ్లీ అలమరలో పెట్టేసేది. నేను చూడనట్టు పేపరు చదువుకునేవాణ్ణి.

ఆ వారం మేం కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాశాం. కాయలు మేమిద్దరమే కోశాం. ఎప్పటిలాగే ముందు వరస మొక్కది ఒకటి కొరికి చూసింది మా ఆవిడ. చక్కెరలా ఉంది. బుట్ట మీద గోనెపట్టా కప్పి, తాడుతో కట్టి, మా మంచం కిందికి తోసి, గదికి తాళం వేశాం. పొద్దున ఆటోలో ఆ బుట్టని కొత్త పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా తీసుకెళ్లాం.

"ఇప్పుడెలా కలుపుతుందో చూస్తాను" అంది మా ఆవిడ బల్లమీద కాయలు సర్దుతూ.

ఎండ ఇంకా ఎక్కలేదు. ఒక టీచరమ్మ వచ్చి కాయలు కొనుక్కుని, ఒకటి తుడిచి అక్కడే కొరికింది. రెండోసారి నమిలేసరికి ఆవిడ కళ్లజోడు మీద ఆవిరి పట్టేసింది.

"ఇవి తీపివా? తీపివని బోర్డు పెట్టి మనుషుల్ని చంపుతారా?"

బుట్టని మేం తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. అనుమానించడానికి ఈ భూప్రపంచంలో ఇంకొక మనిషి లేకపోయేసరికి మా ఆవిడ మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. ఒట్టు, నేనే కలిపానేమో అన్నట్టు చూసింది!

ఇంతలో మేనేజరు వచ్చాడు. ఆయన పక్కనే మా చెల్లెలు. వరసలో ఉన్నవాళ్లని స్థలం చూసుకోవడానికి ఆ ఆదివారం రమ్మన్నాడట.

"చూశారా? పెట్టే బేడా సర్దుకుని వచ్చేసింది" అని నా చెయ్యి గిల్లింది మా ఆవిడ.

టీచరమ్మ సగం కొరికిన కాయని మేనేజరు ముక్కు దగ్గర పెట్టింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను నోట్లో పెట్టుకోకూడదమ్మా, డాక్టరు చంపేస్తాడు. ఇంకెవరైనా రుచి చూడండి."

"నేను చూస్తా, ఇలా తెండి" అంది కారప్పొడి ఆవిడ ఉత్సాహంగా.

"నీకెందుకులే. నిప్పులు తినిపించినా చప్పగా ఉన్నాయంటావు" అని ఆయన మా చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చూడమ్మా. ఈ బల్ల పోతే వచ్చేది నీకే. వీళ్లకోసం అబద్ధం చెప్పాల్సిన పని నీకు లేదు. నువ్వు తియ్యగా ఉందంటే తియ్యగా ఉన్నట్టే."

చుట్టూ జనం చేరారు. మా పని అయిపోయిందనుకున్నాను. కాయ నిజంగా తియ్యగా ఉన్నా అది కారమనే అంటుందనుకున్నాను. ఎత్తుకుని పెంచిన నా చెల్లెలి గురించి నేను అలా అనుకున్నాను.

అది టీచరమ్మ చేతిలోంచి ఆ సగం కాయ తీసుకుంది. తొడిమ తుంచి బల్లమీద పెట్టింది. మిగతాదంతా ఒకేసారి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. అందరూ దాని నోటి వైపే చూస్తున్నారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. మింగింది.

"తియ్యగానే ఉందండీ. తాజా కాయ" అంది.

"అదేమిటి! నా నోరు మండిపోతుంటేనూ!" అని అరిచింది టీచరమ్మ.

"పొద్దున్న మీరేం తిని వచ్చారో ఏమో" అన్నాడు మేనేజరు, ఆయనకీ పూర్తిగా నమ్మకం లేకుండానే. మా ఆవిడ టీచరమ్మ డబ్బు తిరిగి ఇచ్చేసి చేతులు జోడించింది. ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

మేనేజరు మాత్రం కదల్లేదు. మా చెల్లెలి ముఖంకేసే చూస్తున్నాడు. మా ఆవిడ గబగబా గ్లాసులో నీళ్లు పోసి దాని ముందు పెట్టింది. అది ఆ గ్లాసు వైపు చూసింది. తాగితే అయిపోయేది, ఆ క్షణంలోనే అందరికీ తెలిసిపోయేది. తల అడ్డంగా ఊపి, పక్క బల్ల దగ్గరికి వెళ్లి పాలకూర కట్ట చేతిలోకి తీసుకుంది. ఎంతని అడిగింది. ఎక్కువంది. ఆకు వాడిందంది. పై పెదవి మీద చెమట బొట్లు కడుతున్నాయి, గొంతు పగిలిపోతోంది, అది మాత్రం బేరమాడుతూనే ఉంది. మేనేజరు అంతసేపూ నిలబడి, చివరికి జేబులోంచి మాత్ర తీసి వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరగ్గానే చెల్లెలు పాలకూర వదిలేసి పరిగెత్తింది. నేను వెనకే వెళ్లాను. వ్యాన్లు నిలిపిన చోట కుళాయి కింద ముఖం పెట్టి, నోరు తెరిచి, కళ్లు మూసుకుని ఉంది. నన్ను చూసి చేత్తోనే వెళ్లమంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరికి చెప్పుకోను?

తిరిగొచ్చేసరికి మా ఆవిడ బల్లమీది తొడిమకి అంటుకున్న ఒక గింజ తీసి నాలుక మీద పెట్టుకుని ఉంది. ఆమె కళ్లు నిండిపోయాయి. కాయలన్నీ బుట్టలో వేసి గోనెపట్టా కప్పేసింది.

ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా పెరట్లోకి వెళ్లింది. ప్రతి మొక్కదీ ఒక కాయ కోసి కొరికింది. ముందు వరసలు తీపి. గోడవార వరస మాత్రం నిప్పు. ఆ వరస కాయలు మొదట్నుంచీ కాస్త సన్నగా, మొన తేలి ఉండేవి. నీడ తగిలి అలా ఉన్నాయని ఆమే అనేది.

"గింజలోనే కలిసిందండీ" అంది పాదుల మధ్య చతికిలబడి. "పోయిన ఏడాది ఇంట్లోకి పనికొస్తాయని కుళాయి పక్కన రెండు కారం మొక్కలు పెట్టాను. తేనెటీగలు దీనిమీద వాలీ దానిమీద వాలీ... నేనేమో ఆ పక్క కాయల గింజే దాచాను. మూడు వారాల్నుంచి ఊళ్లోవాళ్లందర్నీ..." అని ఆపేసింది.

కాసేపటికి లేచి, చిన్న గిన్నెలో చక్కెర పట్టుకుని వెనక వాటా వైపు నడిచింది. నేనూ వెళ్లాను. చెల్లెలు మిషను ముందు ఉంది. పెదవులు వాచి ఉన్నాయి.

"గోడవార మొక్కలు" అంది మా ఆవిడ.

"నాకు మొదటి వారమే తెలుసు వదినా. కూరలోకని ఆ పక్కది ఒకటి కోసుకున్నాను. నోరు కాలిపోయింది."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే, నా మొక్క మీద నీ చెయ్యెందుకు పడిందని అడుగుతారుగా."

మా ఆవిడ అడిగేదే మరి.

"మీరిద్దరూ వచ్చిన రోజున, ఆ కాయ కోసిన సంగతి తెలిసి వచ్చారనుకున్నాను. ఒప్పేసుకుందామనే అనుకున్నాను. మీరు అడిగింది అది కాదు."

నేను నేల చూపులు చూస్తున్నాను. మా ఆవిడే మళ్లీ అడిగింది. "ఇవాళ నిజం చెప్పేస్తే బల్ల నీకొచ్చేది. ఎందుకు తిన్నావమ్మా?"

"నాకు బల్ల కావాలి వదినా. ఇప్పటికీ కావాలి. కానీ ఇవాళ ఆ మాట నా నోటితో అని, ఆ బల్ల తీసుకుంటే, మీరు నన్ను అన్నదంతా నిజమైపోతుంది కదా."

మిషను మీది గుడ్డని చేత్తో సాపు చేసుకుంది. మా ఆవిడ చక్కెర గిన్నె దాని ముందుకు జరిపింది.

"ఇంకా మండుతోందా?"

"నోరు తగ్గింది" అంది చెల్లెలు.

గిన్నె ముట్టుకోలేదు. సూదిలో దారం ఎక్కించుకుని కుట్టుకోవడం మొదలుపెట్టింది. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. అది మమ్మల్ని వెళ్లమనలేదు, కూర్చోమనీ అనలేదు.