బూడిద అచ్చు

యుద్ధం ఆగిన ఏడు, కళింగపట్నం ఇసుకలో చెడుగుడు పందెం మధ్యలో నిలిచిపోయింది. కూతకు వెళ్లిన చినబాబు కిందపడి మూలుగుతున్నాడు. మెడ పట్టి పడేశారని వాడి జట్టు, నడుమే పట్టామని అవతలి జట్టు, తీర్పరి జగన్నాధం చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. నడుం పడితే న్యాయం, మెడ పడితే తప్పు. ఎగిసిన ఇసుకలో అతనికి ఏదీ కనబడి చావలేదు.

“ఒరే, గోలాపండ్రా! ఈడి ఒంటినిండా నూనె. పట్టినోడి సేతులకి జారకుండా బూడిద. అచ్చు ఎక్కడ పడిందో సూడండి, తేలిపోతాది!” అన్నాడు జగన్నాధం.

అందరూ వంగి చూశారు. మెడా నడుమూ శుభ్రంగా ఉన్నాయి.

“ఏ ఎదవరా తుడిసేసినాడు?” జగన్నాధం పళ్లు కొరికాడు.

చినబాబు మూలుగుతూనే అతని భుజమ్మీది తువ్వాలు చూపించాడు.

“ఇసక దులుపుతానని ఒళ్లంతా తుడిసింది నువ్వే కద మావా!”