దొంగ పిలుపు

మొదటి రాయి గేటు కాసే ముసలాయన నుదుటికి తగిలింది. ఆయన రెండు చేతులూ ఎత్తి, కాస్త ఆగండయ్యా, లోపల మనుషులున్నారని సర్దిచెబుతున్నాడు. రాయి తగలగానే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గేటు విరగ్గొట్టుకుని వచ్చినవాళ్ళలో కొందరు ఆయన్ని దాటుకుంటూ, కొందరు తొక్కుకుంటూ వచ్చారు. కంట్రోలు గదిలో తెర మీద అదంతా చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో గుంపుకి ముందు నడుస్తున్న మనిషి ముఖం కనబడింది. టైర్లు విప్పే ఇనపకడ్డీ భుజాన వేసుకుని వస్తున్నది మా అన్నయ్య.

మేం పనిచేసేది ఆకాశాన్ని వినే చోట. నక్షత్రాల వైపు నుంచి వచ్చే రేడియో సంకేతాలను పట్టుకోవడానికి పెద్ద మేడంత ఇనప డిష్ ఉంది. మేమంతా దాన్ని గొడుగు అంటాం. ఎటు తిప్పమంటే అటు తిప్పడం నా ఉద్యోగం. దాని మోటార్లనూ బేరింగులనూ చూసుకునేది మా ఆయన. ఎప్పుడూ జిడ్డు ఓడుతూ ఉంటాడు గనక అందరూ ఆయన్ని గ్రీజు అని పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు నేనూ అలాగే పిలుస్తాను.

ఆ మధ్య గొడుగుకి ఒక పిలుపు చిక్కింది. ఒక నక్షత్రం వైపు తిప్పినప్పుడల్లా వినబడుతోంది, పక్కకి తిప్పితే ఆగిపోతోంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అదే. ఎవరో కూర్చుని పంపిస్తే తప్ప అంత లెక్కగా రాదనిపించింది. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా బయట ఒక్క మాట కూడా అనకూడదని మా పెద్దాయన, అంటే అక్కడి పై అధికారి, అందరికీ గట్టిగా చెప్పాడు. కానీ మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం అన్నయ్య ఇంట్లో భోజనానికి కూర్చుని, వదిన మారు వడ్డించేలోపే మొత్తం కక్కేశాడు. పైనుంచి ఎవరో మనల్ని పలకరిస్తున్నారని, అది ముందుగా విన్నది మేమేనని ఒకటే సంబరం.

అన్నయ్య నవ్వలేదు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళ వైపు ఒకసారి చూశాడు.

"ఎవడూ ఊరికే పలకరించడు బావా. ఇల్లు ఎక్కడుందో కనుక్కుంటున్నాడు," అని సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆ మాట అన్నయ్య టైర్ల షాపులో మొదలై ఊరంతా పాకింది. పాకేకొద్దీ దానికి తోకలూ కొమ్ములూ మొలిచాయి. గొడుగు వినడం లేదు, వాళ్ళని పిలుస్తోందన్నారు. అది నిలబడి ఉన్నంతకాలం వాళ్ళకి దారి తెలుస్తూనే ఉంటుందన్నారు. దానికి చెవే తప్ప నోరు లేదని నేను కనబడినవాళ్ళందరికీ చెప్పాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు.

ఇప్పుడు ఆ గొడుగు మీదే మా ఆయన ఉన్నాడు. పెద్ద గిన్నెలా అది ఆకాశం వైపు తెరుచుకుని ఉంది. దాని నడుమ లేచిన ఇనప కాళ్ళ మీద ఒక చిన్న గది ఉంటుంది. సంకేతాలను అందుకునే రిసీవరు అందులోనే. పిలుపు నిజంగా బయటి నుంచే వస్తోందా, మా తీగల్లోనే పుడుతోందా తేల్చడానికి పెద్దాయన ఆయన్ని పొద్దున్నే పైకి పంపాడు. దిగడానికి ఉన్నది ఒకటే దారి. గుంపు ఆ దారికే చేరుకుంది.

కంట్రోలు గదిలో మిగతావాళ్ళంతా వెనక తలుపు గుండా ఉడాయించారు. నేనూ పెద్దాయనా మిగిలాం. కిటికీ అద్దం భళ్ళున పగిలి ఆయన ఒళ్ళో పడింది. ఆయన బల్ల కిందికి దూరి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, "అమ్మా, అది నిజం పిలుపు కాదు. నేను పెట్టిందే," అన్నాడు.

మా పనిలో ఒక అలవాటు ఉంది. దొంగ పిలుపు అంటాం. ఏళ్ళ తరబడి ఏమీ వినబడని చోట మనుషులకి శ్రద్ధ తగ్గిపోతుంది. అందుకని అప్పుడప్పుడు పెద్దాయన ఎవరికీ తెలియకుండా రిసీవరులోకి, గొడుగు ఒక వైపు తిరిగినప్పుడే వినబడేలా, ఒక కల్పించిన సంకేతం వదులుతాడు. మేం పట్టుకుంటామా, పట్టుకున్నాక పరీక్షలన్నీ సరిగ్గా చేస్తామా అని చూస్తాడు. చివరి పరీక్ష అయ్యేదాకా ఆయన పెదవి విప్పకూడదు. ఊరంతా కత్తులు నూరుతుంటే ఈ మహానుభావుడు ఆ నియమాన్ని పట్టుకుని మాకు మార్కులు వేసుకుంటూ కూర్చున్నాడు.

కోపం నషాళానికంటింది. కాలరు పట్టుకుని బయటికి లాగి చెంప ఛెళ్ళుమనిపించాను. ఆవరణంతా వినబడే లౌడ్‌స్పీకరు మైకు ముందు కూలదోసి, ఇదే సంగతి ఊరికి చెప్పమన్నాను. చెప్పాడు. మధ్య మధ్య "శిక్షణలో భాగంగా" అనీ "నియమావళి ప్రకారం" అనీ ఇరికించాడు. ప్రాణాల మీదికి వచ్చినా ఆయన నోట ఆఫీసు భాషే. భయంతో అబద్ధమాడుతున్నాడని గుంపు ఇంకా రెచ్చిపోయింది.

తెర మీద చూస్తే వాళ్ళు అప్పటికే గొడుగు అడుగునున్న చిన్న తలుపు పగలగొట్టి గిన్నెలోకి ఎక్కేశారు. ఒకడు ఇనప కాలికున్న నిచ్చెన పట్టుకుని గది దాకా పాకాడు. మా ఆయన స్పానరుతో వాడి వేళ్ళు చితక్కొట్టాడు. వాడు కింద పడ్డాడు. కాలు వెనక్కి మడతపడి, నోరు తెరిచి అరుస్తున్నాడు. మా తెరకి బొమ్మ తప్ప చప్పుడు లేదు. ఇంకొకడు విసిరిన రాయి మా ఆయన చెవి పక్కన తగిలి నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. మరొకడు పెట్రోలు డబ్బా మూత విప్పుతున్నాడు. అన్నయ్య అందరికంటే ముందు, సరిగ్గా నిచ్చెన మొదట్లో ఉన్నాడు.

మైకు లాక్కున్నాను.

"అన్నయ్యా, నేను. పైన ఎవరూ లేరు. మమ్మల్ని పరీక్షించడానికి మా పెద్దాయనే పెట్టాడు. నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా? మీ బావకి నెత్తురు కారుతోంది. వాళ్ళని తీసుకుని దిగిపో."

అన్నయ్య తల తిప్పి లౌడ్‌స్పీకరు వైపు చూశాడు. తర్వాత కడ్డీ పైకెత్తాడు.

నాకు ఆ కడ్డీ, దానికి పైన మా ఆయన, పక్కన పెట్రోలు. ఇంకేమీ కనబడలేదు.

గొడుగు మీద మనిషి ఉండగా మోటారు ముట్టుకోకూడదన్నది మేం నేర్చుకునే మొదటి నియమం. అందుకే ఎక్కేవాడు మోటారు తాళంచెవి జేబులో వేసుకుని మరీ ఎక్కుతాడు. రెండో తాళంచెవి పెద్దాయన మెడలో ఉంటుంది. వద్దమ్మా అంటూ ఆయన దాన్ని గుప్పిట్లో బిగించాడు. మణికట్టు మీద నెత్తురు వచ్చేదాకా కొరికి తెంచుకున్నాను. మా ఆయన నడుముకి కట్టుకున్న బెల్టుని గది కొక్కేనికి తగిలించుకుని ఉంటాడు, ఆయన పడడు. మిగతావాళ్ళు పడతారు. అన్నయ్యా పడతాడు. అది తెలిసే తిప్పాను.

గొడుగు కిర్రుమంటూ ఒక పక్కకి ఒరగడం మొదలైంది. అప్పుడు అన్నయ్య వెనక్కి తిరిగాడు. ఎత్తిన కడ్డీని రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, నిచ్చెనకి వీపు ఆనించి, తన వెంట వచ్చినవాళ్ళకే ఎదురు నిలబడ్డాడు. పెట్రోలు డబ్బావాణ్ణి పొట్టలో తన్నాడు. ఒకడు దుడ్డుకర్రతో మోచేతి మీద కొట్టాడు. చెయ్యి వేలాడిపోయింది. అయినా అడ్డు తప్పుకోలేదు.

ఆపే బొత్తాం మీద అరచేత్తో బాదాను, మళ్ళీ మళ్ళీ బాదాను. అంత బరువైన ఇనుము ఒకసారి కదిలాక, ఆగమన్నంత మాత్రాన ఆగదు. నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఇంకొంత ఒరిగి గాని నిలబడదు. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలుసు. ఒలికిన పెట్రోలులో కాళ్ళు నిలవక ఒక్కొక్కరే అంచు వైపు జారిపోయారు. కొందరు అడుగు తలుపు పట్టుకుని ఒకరి మీద ఒకరు పడ్డారు. అన్నయ్య మంచి చేత్తో నిచ్చెన మెట్టు పట్టుకున్నాడు. మా ఆయన బెల్టు సాగినంత మేరా కిందికి వంగి అన్నయ్య కాలరు అందుకున్నాడు. మెట్టు మీద పట్టు తప్పింది. చొక్కా పీలిక మా ఆయన చేతిలో మిగిలింది.

కింద సిమెంటు నేల మీద ముగ్గురు చచ్చిపడ్డారు, అన్నయ్యతో కలిపి. ఆలస్యంగా వచ్చిన పోలీసులు మా ఆయన్ని దింపేసరికి ఆయనకి భుజం గూడు తప్పింది, పెదాలు తెల్లబడ్డాయి. నా ముఖం చూడలేక నేల వైపు చూస్తూ చెప్పాడు. "బావ వాళ్ళతో ఒకటే మాటన్నాడు. మా చెల్లెలు చెప్పింది, ఇక దిగండి అని."

నా మాట నమ్మిన ఒకే ఒక్కణ్ణి చంపుకున్నాను.

ఊరికి మాత్రం వేరే కథ దొరికింది. గొడుగు దానంతటదే తిరిగిందని, పైవాళ్ళే తిప్పి చంపారని గేటు బయట చెప్పుకుంటున్నారు. కళ్ళారా చూశామన్నవాళ్ళు కూడా తేలారు. పెద్దాయన చేతికి కట్టుతో నా పక్కకి చేరి, ఆ మాటని అలాగే వదిలేయమన్నాడు. మోటారులో లోపమని తను పైకి చెబుతానన్నాడు, నా ఉద్యోగమూ కాపురమూ నిలబడతాయన్నాడు. ఆశపడ్డాను. జైలుకంటే, ఇక పుట్టింటి గడప తొక్కలేననే భయమే నన్ను ఎక్కువగా పట్టుకుంది.

వదిన పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని వచ్చింది. అన్నయ్య మీది దుప్పటి తొలగించి చూసి, మళ్ళీ కప్పింది. లేచి వచ్చి నా భుజాలు పట్టుకుంది.

"పైవాళ్ళే చంపారంటున్నారు. నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను."

పెద్దాయన వెనక నుంచి దగ్గాడు.

"పైన ఎవరూ లేరు వదినా. తిప్పింది నేనే," అన్నాను.

వదిన కొట్టింది. ముఖం మీద, తల మీద, చేతికందిన చోటల్లా కొట్టింది. మా ఆయన అడ్డం రాబోతే వద్దన్నాను. పోలీసులు కూడా కాసేపు చూస్తూ ఉండిపోయారు. చేతులు నొప్పి పుట్టి తనే ఆపేసి, పిల్లల్ని తీసుకుని నడిచింది. ఏం జరిగిందో తెలియని చిన్నపిల్ల గేటు దగ్గర ఆగి, అత్తా, ఇంటికి రావా అని చెయ్యి ఊపింది. వదిన ఆ చెయ్యి పట్టి లాక్కుపోయింది.