తలలు తెగిన భిన్నాలు

పేజీ కిందికి జరిపే కొద్దీ ఫార్ములా అక్కకి ఒళ్లు మండుతోంది. ప్రతి లెక్కలోనూ భిన్నం ఉంది, ఏ భిన్నానికీ తల లేదు. అడ్డగీత ఉంది, దాని కింద హారం నిక్షేపంగా ఉంది, పైనుండాల్సిన లవానికి మాత్రం ఎవరో కత్తెర పెట్టినట్టు పాదాలే మిగిలాయి. వర్గమూలాల గొడుగులు ఎగిరిపోయి అంకెలన్నీ ఎండలో నిలబడ్డాయి. శనివారం ఆమె మెషిన్ ఆపి ఇంటికెళ్లేటప్పుడు వీటిలో ఒక్కదానికీ గీటు పడలేదు.

"నా భిన్నాల తలలన్నీ ఏం చేశావమ్మా?" అని అడిగింది పొద్దున్నే వచ్చిన లెక్కల టీచరమ్మ. ఆదివారం ఓనరు తనకి పంపించిన ప్రూఫు కట్టని బల్లమీద పడేసింది. నువ్వున్నావనే నా పుస్తకం ఈ షాపుకి ఇచ్చానని, సాయంత్రం మళ్లీ వస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే పట్టుకుపోతానని చెప్పి, చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది. గొంతు పెంచకుండా అంత పద్ధతిగా తిట్టడం టీచర్లకే చేతనవును.

ఓనరు కౌంటర్లోనే ఉన్నాడు. ఫోన్లోకి దూర్చిన తల పైకెత్తలేదు.

మెట్ల కింద, పుస్తకాలు టైపు చేసి అచ్చుకి పంపే ఇరుకు డీటీపీ షాపు అది. ఈ ఓనరు నిక్కరేసుకుని, చెడిపోయిన కాగితాలతో పడవలు చేసుకునే రోజుల్లో, వాళ్ల నాన్న దగ్గర పనిలో చేరిందామె. లెక్కల పుస్తకాలన్నీ ఆమే కొడుతుందని ఫార్ములా అక్క అన్న పేరు నిలిచిపోయింది. మౌస్ పట్టీ పట్టీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. కుర్చీకి ఒక కాలు పొట్టి, దాని కింద అట్టముక్క మడిచి పెట్టుకుంది. సీటు మీద భర్త కుట్టిచ్చిన దిండు. బల్ల మీద పచ్చబడిన ప్లాస్టిక్ స్కేలు. ప్రూఫు దిద్దేటప్పుడు దాన్ని వరస కింద ఆనించి, ఆ వరస పూర్తయ్యాకే కిందికి జరుపుతుంది. ఆ స్కేలు ఎవరైనా ముట్టుకుంటే ఆ రోజు వాళ్లకి మూడినట్టే.

మొదట ఫాంటుని అనుమానించింది. తీసేసి మళ్లీ ఎక్కించింది. తలలు రాలేదు. మెషిన్ ఆపి మళ్లీ వేసింది. రాలేదు. అడక్కుండా వచ్చి కూర్చునే అప్‌డేట్లని తిట్టింది, వాటిని తయారు చేసేవాళ్లకి పనీపాటా లేదని తిట్టింది, ఏ పాపం ఎరగని ప్రింటర్ని కూడా వదల్లేదు. తర్వాత తేలిందేమిటంటే, అందరినీ అన్యాయంగానే తిట్టింది.

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. వీధి చివర టైలరు. అన్నం డబ్బా తిన్నావా అని అడిగి, కథంతా విని, "నువ్విటొచ్చి ఈ ప్యాంట్ల మీద కూర్చో. ఇస్త్రీపెట్టె అక్కర్లేదు," అన్నాడు. మామూలు రోజైతే పకపకా నవ్వేది. నవ్వు రానందుకు ఇంకా కోపమొచ్చి పెట్టేసింది.

డబ్బా మూత తీయకుండానే కొత్త ఫైలు తెరిచి, అందులో ఉత్త భిన్నం ఒకటి కొట్టింది. తలా కాళ్లూ బాగున్నాయి. దాన్నే కాపీ చేసి పుస్తకంలో పెట్టింది. పెట్టీ పెట్టగానే తల ఎగిరిపోయింది. అంటే తప్పు ఫాంటుది కాదు, మెషిన్‌దీ కాదు. పుస్తకంలోనే ఎవరో చెయ్యి పెట్టారు. పేరాగ్రాఫ్ సెట్టింగులు తెరిచింది. వరసల మధ్య ఎంత జాగా ఉండాలో చెప్పే చోట, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే బిగుతు కొలత. ఆ కొలత ఎవరిదో ఆమెకి తెలుసు.

కౌంటరు దగ్గరికెళ్లి నిలబడింది. "లైన్లు బిగించారా బాబూ?"

"కొంచెం అక్కా. చివర్లో రెండు పేజీలు ఫారం దాటిపోయాయి."

పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. ఓ పేజీ అటు దాటితే ఇంకో ఫారం వెయ్యాలి. అందుకని కథల పుస్తకాలకి ఓనరు ఎప్పుడూ చేసే పనే ఇది. వరసలు బిగిస్తే, బస్సులో జనంలా మాటలు సర్దుకుంటాయి. భిన్నం రెండంతస్తులది, అది సర్దుకోదు. చోటు చాలకపోతే పై అంతస్తు కనపడకుండా పోతుంది.

"ఇది కథల పుస్తకం కాదు."

"తెలీలేదక్కా. సరిచేసెయ్."

"చేస్తాను. బిగించింది మీరని టీచరమ్మకి మీరే చెప్పాలి. ఒక్క మాట చాలు. ఇన్నేళ్లలో నా పని మీద ఎవరూ వేలెత్తి చూపలేదు."

"చూద్దాంలే," అన్నాడు ఫోన్ చూస్తూ.

ఆ బిగుతు వదలగానే, క్లాసులో పేరు పిలిచినట్టు తలలన్నీ ఒక్కసారి లేచాయి. సరిచేయడం చిటికెలో పని. సరిచూడ్డానికే సాయంత్రమైంది. స్కేలు జరుపుకుంటూ వరస వరసా చూసింది. దాటిపోయిన ఆ రెండు పేజీల్నీ కూడా, అభ్యాసాల మధ్య వృథాగా పడున్న ఖాళీలు తగ్గించి, ఫారంలోకి లాక్కొచ్చింది. అది తన తలనొప్పి కాదని తెలిసే చేసింది.

టీచరమ్మ వచ్చింది. కొత్త ప్రూఫు నిలబడే తిప్పింది, సగంలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ముఖం విచ్చుకుంది. ఇంతకీ పొద్దున ఏమైందని ఓనర్ని అడిగింది.

స్కేలు మీదున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

ఓనరు నవ్వాడు. "అక్కకి ఈ మధ్య చూపు ఆనడం లేదండీ. వయసు కదా."

టీచరమ్మ లేచి, ఆ జారిన భుజం మీద చెయ్యి వేసింది. "కళ్లు ఒకసారి చూపించుకో తల్లీ," అంది మెత్తగా. తిట్టి ఉంటే అక్క జవాబు చెప్పేదే.

టీచరమ్మ వెళ్లాక అక్క తెర వంక చూసింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, తలలన్నీ మళ్లీ పోతాయి. రేపు పొద్దున అచ్చుకి పంపేది ఆయనే, చూసుకోడు కూడా. వేలు మౌస్ మీదికి వెళ్లింది. కోపం వీడి మీద, మధ్యలో భిన్నాలేం చేశాయి? ఫైలు సేవ్ చేసి మెషిన్ ఆపేసింది. డబ్బా సంచీలో పెట్టుకుంది. కుర్చీ మీది దిండు తీసి చంకలో పెట్టుకుంది.

"రేపు కాస్త ముందు రా అక్కా," అన్నాడు ఓనరు తలెత్తకుండానే.

"రేపట్నుంచి లైన్లూ మీరే బిగించుకోండి, తిట్లూ మీరే తినండి."

గొంతు పెంచలేదు. అందుకే ఆయన జోక్ అనుకుని నవ్వాడు. మెట్ల పక్క సందులోంచి ఆమె చెప్పుల చప్పుడు దూరమైపోయింది. షట్టరు దించబోతూ ఇటు తిరిగినప్పుడు, దిండు లేని కుర్చీ కనిపించి ఆ నవ్వు ఆగింది.

బల్ల మీద ఒక తెల్లకాగితం ఉంది, దాని మీద అడ్డంగా, భిన్నం గీతలా, పచ్చబడిన స్కేలు. గీతకి పైన ఏమీ లేదు, కింద ఏమీ లేదు.