ఫుకుయో అత్త గొంతున్న టేపులు

మా ఊళ్లో ప్రతి ఇంటి గోడకూ ఒక చిన్న మాటల పెట్టె ఉంటుంది. పొద్దున్నే అందులోంచి ఫుకుయో అత్త గొంతు వచ్చేది. ఏ దారిలో మంచు పేరుకుందో, ఎవరి తోటలోకి ఎలుగుబంటి దిగిందో, ఎవరింట్లో చావు జరిగిందో ఆమె చెప్తేనే మాకు తెలిసేది. నేను పుట్టిన కబురు కూడా ఆమే చెప్పిందట. కిందటేడు ఆపరేషన్‌లో ఆమె గొంతు పోయింది. ఇప్పుడు మెడలో చిన్న పలక వేలాడేసుకుని, దానిమీద రాసి చూపిస్తుంది.

ఆమె చదివిన కబుర్లను సాయంత్రం మళ్లీ వినిపించడానికి రికార్డు చేసేవారు. తర్వాత వాటిని కంప్యూటరు టేపుల్లో దాచేవారు. మార్చి చివర ప్రసారాల గది మూసేస్తున్నారు. ఈలోపు ఆ రికార్డులను వేరేచోటికి ఎక్కించకపోతే టేపులన్నీ చెత్తబండిలోకే. సరిగ్గా అప్పుడే వాటిని చదివే డ్రైవు పాడైపోయింది.

ఆ గది చూసుకునేది మా టెత్సుజి బాబాయి. బడి అయ్యాక నేనూ అక్కడే కూర్చుంటాను. అక్కడ ఎవరూ నన్ను మాట్లాడమని బలవంతపెట్టరు. డ్రైవు పోయిందని విని, సహకార సంఘం పెద్ద మొమోసే తాత తన డబ్బుతో కొత్తది కొని తెచ్చాడు. పైన తెల్లకాగితం చుట్టి, కానుకలకు కట్టే ఎరుపు తెలుపు దారం కట్టించాడు.

"బజారులో దీన్ని మించింది లేదట," అన్నాడు. అందరం వంగి దణ్ణం పెట్టాం.

ఆయన వెళ్లాక బాబాయి పెట్టె మీది అంకె చూసి నేల మీద కూలబడ్డాడు.

"ఇది ఆరో తరంది. మన టేపులు రెండో తరానివి."

"కొత్తది కదా బాబాయ్, పాతవి చదవదా?"

"తన తరం, తండ్రి తరం, తాత తరం. అంతవరకే. ఇది ముత్తాతనే గుర్తుపట్టదు, మన టేపులు ఆ ముత్తాతను కన్నవాళ్లు."

"మరి తాతకి చెప్దాం."

"నువ్వు చెప్తావా?"

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. దారం కట్టి ఇచ్చినదాన్ని పనికిరాదనడమంటే ఇచ్చినవాడి మొహాన తలుపు వేయడమే. బాబాయి దాన్ని దారం విప్పకుండానే అటక మీద పెట్టాడు. మొమోసే తాత కనబడినప్పుడల్లా "రేపు బిగిస్తాం" అనేవాడు. ఫిబ్రవరి అలాగే గడిచిపోయింది. ఫుకుయో అత్త రోజూ వచ్చి టేపుల మీది దుమ్ము తుడిచి వెళ్లేది. పలక మీద ఏమీ రాసేది కాదు.

మార్చి మొదట్లో ఒక సాయంత్రం మొమోసే తాత ఇంట్లో ఊరబెట్టిన ఆకుకూర పట్టుకొచ్చాడు. నేను టీ పోశాను.

"ఏమే మిజుహో, నా మిషను ఏమంటోంది?"

బాబాయి దగ్గాడు. "రేపు..."

ఫుకుయో అత్త తుడుస్తున్న టేపు ఆమె చేతిలో అలాగే ఆగిపోయింది. ఆ చెయ్యి చూశాక ఊరుకోలేకపోయాను.

"అది మరీ పసివాడు తాతా. మన టేపులు వాడి ముత్తాత కన్నా పెద్దవాళ్లు. వాళ్ల మాట వాడికి తెలీదు. వీటికి మనవడి వరసయ్యేవాడు కావాలి. నాలుగో తరంవాడు."

తాత నోట్లో ముక్కను నమిలి నమిలి మింగాడు.

"మా ఇంట్లో మునిమనవడూ అంతే. నేనొకటి చెప్తే వాడొకటి వింటాడు." బాబాయి వైపు తిరిగాడు. "ఒరే టెత్సుజీ, ఇన్నాళ్లూ నన్ను దేవుణ్ణి చేసి అటకెక్కించావు కదరా. పద, ఆ మనవణ్ణి వెతుకుదాం."

ఆదివారం తాతా, బాబాయీ, నేనూ కొండ దిగి మత్సుమోతో పట్నంలో పాత సామాన్ల కొట్టుకి వెళ్లాం. 'పనిచేస్తుందన్న పూచీ లేదు' అని రాసిన అరలో నాలుగో తరానివి రెండు దొరికాయి. తాత మెరిసేదాన్ని చంకలో పెట్టుకున్నాడు.

"మళ్లీ కొత్త పెళ్లికొడుకునే ఎంచావా?" అన్నాడు బాబాయి. దాని వెనక కేబులు దూర్చే చోటు మా పాత కంప్యూటరుకు సరిపడదు. సరిపడేది దుమ్ముకొట్టుకుని ఉంది. దాన్నే తెచ్చుకున్నాం.

బిగించాక బాబాయి చేతులు తుడుచుకున్నాడు. "ఇది టేపును నమిలేసినా నమిలేస్తుంది. పోయినా ఫరవాలేనిది ఒకటి ఇవ్వక్కా."

ఫుకుయో అత్త వేలు టేపుల అట్టల మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. పలక మీద రాసింది: 'అలాంటిది లేదు.' తర్వాత కళ్లు మూసుకుని చేతికందినది లాగింది.

డ్రైవు చాలాసేపు గురగురలాడింది. బాబాయి తెర మీద ఏదో నొక్కాడు. గదిలోకి ఆ గొంతు వచ్చింది.

"అందరికీ శుభోదయం. పైవంతెన మీద నీళ్లు గడ్డకట్టాయి, మెల్లగా నడవండి. మొమోసే గారి మేక మళ్లీ తాడు తెంపుకుంది. కనబడితే కట్టేసి కబురు చెయ్యండి."

"అది చచ్చి ఎన్నేళ్లయిందో," అన్నాడు తాత మెల్లగా.

ఫుకుయో అత్త కండువా కింద మెడ పట్టుకుని వింటోంది. రెండో చెయ్యి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ కాబోలు, ఊరంతటికీ వినిపించే మీట మీదికి వెళ్లింది. నొక్కేసింది. బాబాయి ఆపబోయి మానుకున్నాడు. మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఈసారి ఇళ్లన్నిటిలోనూ వినబడింది.

కాసేపటికి ఫోను మోగింది. అత్త ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నాకు అందించింది.

అవతల ఎవరో ముసలావిడ. "ఫుకుయో, నీ గొంతు విని ఎన్నాళ్లయిందే. మేక మా పెరట్లో లేదు గానీ, చీకటి పడకముందు ఇంకోసారి చూస్తాను. ఏ రంగుదే అది?"

నేను మొమోసే తాత వైపు చూశాను. ఆయన చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"తెల్లదని చెప్పు. చెవి దగ్గర నల్లమచ్చ."

"తెల్లదండీ," అన్నాను ఫోన్లో. "చెవి దగ్గర నల్లమచ్చ."